పాటలో మునిగినవాడు

ఎవరడిగారు నాయనా నిన్ను ఆ ముక్క కలపమని? ఊ? ఓడ మునిగింది, మనుషులు పోయారు, దొర ఒక్కడే బతికొచ్చాడు అని పాడి ఊరుకోక... చుక్కాని పట్టిన లైకోను మాత్రం ఆ తేనె నోట పెట్టలేదని, అల నెత్తిమీదికొచ్చినా చుక్కాని వదల్లేదని, సముద్రదేవుడే జాలిపడి రెండు చేతులా ఎత్తుకున్నాడని... ఎవరు చెప్పారయ్యా నీకు ఇదంతా?

తెలుసులే. నా కూతురు మెలితే. తట్టనిండా అంజీరపళ్ళు తెచ్చి, మా నాన్న పేరు కూడా ఒకచోట పెట్టవా అని అడిగింది కదూ? అడిగింది కదా అని పెట్టేశావు. నీదేం పోయింది!

కూర్చో, కూర్చో. నిన్ను తిట్టడానికి రాలేదు. గాలి ఇంకా తిరగలేదు, నీ పడవవాళ్ళు కుండల్లోకి నీళ్ళు పట్టుకుంటున్నారు. ఇదిగో బార్లీ రొట్టె, మేకపాల జున్ను. తింటూ విను. ఈ దీవిలో ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పని మాట. నువ్వు వెళ్ళిపోయేవాడివి కాబట్టి చెబుతున్నాను.

నా పేరు ఆర్నే. ఆ లైకోను పెళ్ళాన్ని. అదుగో, ఆ రాళ్ళ కింద తెల్లగా మెరుస్తున్నాయే, ఆ ఉప్పుమడులు మావే. మా అత్త చేసిందా పని, ఆవిడ పోయాక నేను.

పెళ్ళయిన ఏడే తూర్పున యుద్ధమన్నారు. మన క్లెయోదమ దొర మనుషులు గడప గడపా ఎక్కారు. ఇంటికో మగాడు రావాలి. మా ఇంట్లో ఇంకెవరున్నారు? మా ఆయనే. పైగా చుక్కాని పట్టడంలో ఈ చుట్టుపక్కల దీవుల్లో అంతటివాడు లేడు. వదుల్తారా?

"నూర్పిళ్ళకి వచ్చేస్తానే" అన్నాడు పడవెక్కుతూ. నాకప్పుడు కడుపు. "ఆడపిల్ల పుడితే మా అమ్మ పేరు పెట్టు" అన్నాడు. అదే మెలితే పేరు. కడుపులో ఉన్న పిల్ల పుట్టి, నడిచి, నా భుజం దాటి పెరిగింది. నూర్పిళ్ళు వచ్చాయి, పోయాయి. మా అత్త కళ్ళు కాయలు కాచి, చివరికి అలాగే పోయింది.

ఆ తరవాత ఒకరోజు దొర వచ్చాడు.

ఎవరిదో వర్తకుల ఓడలోంచి దిగాడు. ఊరు ఊరంతా రేవుకి పరిగెత్తింది. ఆయన్నెవరు చూశారు నాయనా? అందరం ఆయన వెనక చూశాం. ఇంకా ఎవరైనా దిగుతారేమోనని. ఒక సంచీ దిగింది. అంతే.

"మీవాళ్ళు చేతులారా చేసుకున్నారు" అన్నాడు దొర. అంత దూరం నుంచి వచ్చి ఆయన అన్న మొదటి మాట! తిరిగొచ్చేదారిలో ఏదో దీవిలో ఆగారట. అర్తెమిస్ అమ్మవారి తోటలో తేనెపట్లు ఉన్నాయట. ముట్టొద్దు ముట్టొద్దని తను చెబుతూనే ఉన్నాడట, వీళ్ళు ఆకలికి ఆగలేక కొల్లగొట్టి తిన్నారట. అమ్మవారికి కోపం వచ్చి గాలివాన లేపి ఓడ ముంచేసిందట. తినలేదు కాబట్టి తనొక్కణ్ణీ వదిలిందట.

ఫోర్బా తాతని ఒకాయన ఉండేవాడు, ఇద్దరు కొడుకుల్ని పంపాడు. ఆయన ముందుకొచ్చి, "అందరూ మునిగిన నీళ్ళలో నువ్వొక్కడివే ఎలా తేలావు దొరా?" అన్నాడు. అంతే, దొర బావమరిది బల్లెం ఎత్తాడు. రేవులోనే, అందరి ముందూ. ముసలాయన తన కొడుకుల కోసం ఏడవనైనా లేదు, పోయాడు.

ఇంకేముంది! అటువాళ్ళు ఇటువాళ్ళు రాళ్ళు, గొడ్డళ్ళు. ఊరు తగలబడిపోతుందేమో అనుకున్నాం. చివరికి పూజారి మధ్యలో పడ్డాడు. చచ్చినవాళ్ళ ఇళ్ళకి దొర తలా ఒక పొట్టేలు ఇచ్చేట్టు, మేం గుడిమెట్టు మీద చెయ్యి పెట్టి, ఇక ఆ సంగతి ఎత్తమని ఒట్టు వేసేట్టు. ఎత్తినవాడి ఇంటిని ఎవరైనా కాల్చెయ్యొచ్చు. నేనూ వేశాను ఒట్టు. ఏం చెయ్యను, పక్కన పిల్ల.

ఆ పొట్టేలు మాంసం గొంతు దిగలేదనుకో.

అప్పట్నుంచి మావి తేనెదొంగల ఇళ్ళు. అమ్మవారి పండక్కి ఆడపిల్లలు బార్లీ గంపలు మోస్తారు కదా? మా పిల్లలు మొయ్యకూడదు. నూతి దగ్గర మా వంతు ఆఖర్న. నా మెలితే ఎంతలా ఏడ్చేదో! "మా నాన్న దొంగ కాదు" అని కనిపించినవాళ్ళందరితో పోట్లాట. కొండమీద వాళ్ళ నాన్నకి ఒక ఉత్త సమాధి కట్టించింది. లోపల ఏమీ లేదు, పైన ఒక పాత తెడ్డు పాతాం. ప్రతి ఏడూ పోయి పాలు పోస్తుంది.

సరే. ఆ తరవాత... నీళ్ళు తాగు, రొట్టె గొంతుకి అడ్డం పడుతుంది.

ఆ తరవాత ఒక పొద్దున నేను మడిలో ఉప్పు లాగుతున్నాను. ఎవరో గట్టుమీద వచ్చి కూర్చున్నాడు. ముసలాడు. ఎముకలు, తోలు, దగ్గు. ఊదారంగు అద్దకానికి సముద్రపు చిప్పలు కొనడానికొచ్చే పడవొకటి పొద్దున్నే రేవులో ఆగింది, అందులోంచి దించేసిన వాడనుకున్నాను. "నీళ్ళు కావాలా తాతా?" అన్నాను.

"ఆర్నే, మా అమ్మ పోయిందా?" అన్నాడు.

నాయనా, నేను అరవలేదు. పడిపోలేదు. చేతిలో పార అలా పట్టుకునే ఉన్నాను. "పోయింది" అన్నాను. "మీరొస్తారని చూసి చూసి పోయింది" అన్నాను. ఆయన తలూపాడు. పార కింద పెట్టి పక్కన కూర్చున్నాను. అంత కాలం దాచుకున్న మాటలు ఏమైపోయాయో మరి.

మెల్లగా చెప్పాడు. ముట్టొద్దని దొర చెప్పడమా! ఆ తోటలోకి పంపించిందే దొర. ఓడలో గింజ లేదు, మనుషులు తోలుతాళ్ళు నములుతున్నారు. "లైకో, నువ్వు పదిమందిని వెంటేసుకుని పైకెళ్ళు, తేనో మేకో ఏదో ఒకటి పట్టుకురా" అన్నాడట. వీళ్ళు వెళ్ళారు. ఆ దీవివాళ్ళు వడిసెలలు తీసుకుని వెంటపడ్డారు. తేనె చేతులతో కొండదిగి పరిగెత్తుకుంటూ వచ్చారు వీళ్ళు. ఓడ ఇంకా ఒడ్డునే ఉంది. మా ఆయన తాడు పట్టుకున్నాడు కూడా.

దొర కోసేశాడు.

పైనుంచి, ఓడ అంచున నిలబడి, ఈయన మొహంలోకి చూస్తూ కోశాడట కత్తితో. తాడు కొస ఈయన చేతిలో మిగిలింది. ఒడ్డున మిగిలినవాళ్ళలో సగంమందిని ఆ దీవివాళ్ళు అక్కడే చంపారు. మిగిలినవాళ్ళని రాళ్ళ గనికి అమ్మేశారు. ఓడ మీద ఉన్నవాళ్ళు మాత్రం నిజంగానే గాలివానలో పోయారు. చుక్కాని పట్టేవాణ్ణి ఒడ్డున వదిలేసి వెళితే పోరూ?

గనిలో మనవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారట. ఈయన ఊపిరితిత్తుల్లోకి రాతిపొడి దిగి, ఇక పనికిరాడని గెంటేశారు. అడుక్కుంటూ, ఓడల్లో అడుగునీళ్ళు తోడుతూ, ఒక దీవినుంచి ఇంకో దీవికి...

నేను లేచాను. "పదండి" అన్నాను. "గుడి దగ్గరికి పదండి. ఊరందరి ముందూ చెప్పండి. నా పిల్ల తల ఎత్తుకోవాలి" అన్నాను.

ఆయన కదల్లేదు. దారిలో వస్తూ ఊరు చూశాడట. ఫోర్బా తాత మనవలు వల లాగుతున్నారట, మీసాలు అప్పుడే వస్తున్నాయట. "మేం వెళ్ళినప్పుడు ఖాళీ అయిపోయింది ఈ దీవి. ఇప్పుడిప్పుడే మళ్ళీ మగపిల్లలు ఎదిగారు. నేను నోరు విప్పితే రేపే వాళ్ళు గొడ్డళ్ళు పడతారు. దొర దగ్గర బల్లేలున్నాయి. ఎంతమంది మిగులుతారే?" అన్నాడు. "నేను ఎలాగూ చచ్చినవాణ్ణే. అలాగే ఉండనీ."

"మరి నా సంగతి?" అన్నాను.

"నన్ను ఉప్పుపనికి పెట్టుకో" అన్నాడు.

నవ్వుతున్నావా? నవ్వు. నాకూ నవ్వే వచ్చింది. మొగుడు ఇంటికొస్తే కూలికి పెట్టుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మోలోసు అని ఒక పేరు చెప్పాడు, ఉత్తరాది వాణ్ణన్నాడు. ఎండకీ దగ్గుకీ ఆ మొహం ఎవరూ పోల్చుకోలేని మొహం అయిపోయింది. ఊళ్ళో అందరికీ పరదేశి. మేకల కొట్టంలో పడక. నలుగురి ముందూ నేను "ఒరేయ్ పరదేశీ, ఆ తట్ట ఇలా తగలెయ్యరా" అనాలి. అనేదాన్ని. ఎవరూ లేనప్పుడు "ఏమండీ, కాస్త జున్ను తినండి" అనేదాన్ని. ఒక్కోసారి తడబడి అటుది ఇటు, ఇటుది అటు. "ఏమండీ ఆ పార ఇవ్వరా" అన్నానొకసారి. ఆయన నవ్వీ నవ్వీ దగ్గుతెర వచ్చి కూలబడ్డాడు.

ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా! "ఇన్నేళ్ళు మొగుడి కోసం కూర్చుంది, చివరికి ఎవడో ముష్టివాణ్ణి చేర్చింది" అన్నారు. నూతి దగ్గర నన్ను చూసి ముంతలు పక్కకి లాక్కునేవాళ్ళు. పడ్డాను. ఎవరి పరువు తీశానంటారో ఆ మనిషే నా ఇంట్లో ఉంటే, నాకేమని కోపం రావాలి చెప్పు?

కానీ మెలితే అంటే పడలేకపోయేదాన్ని.

"మా నాన్న తిన్న గిన్నెలో వాడికి పెడతావా?" అని లాక్కుని విసిరికొట్టింది ఒకసారి. గంజి ఆయన కాళ్ళమీద పడింది. నేను చెయ్యెత్తాను. ఆయన అడ్డం వచ్చాడు. పిల్ల విసురుగా వెళ్ళిపోయాక కాళ్ళు తుడుచుకుంటూ, "నోరు అచ్చం మా అమ్మదే" అన్నాడు. ఎంత మురిసిపోయాడనుకున్నావు! ఆ తిట్లు వినడానికే దాని కంట పడేవాడేమో అనిపిస్తుంది నాకు.

"దానికైనా చెబుదామండీ" అనేదాన్ని.

"అది ఒక్కపూట దాచలేదు. దొర ఇంటిమీదికి పోతుంది. తెలియదా నీకు, నీ కూతురు?" అనేవాడు. నిజమే. పోతుంది.

దొర? వచ్చాడు నాయనా, ఒకసారి వచ్చాడు. ఇంట్లో ఏదో పెద్ద పండగ, ఉప్పు తనే చూసుకుందామని మడుల దగ్గరికి దిగాడు. ఈయన వంగి ఉప్పు కుప్ప చేస్తున్నాడు.

"ఎక్కడివాడివిరా?" అన్నాడు దొర.

"ఉత్తరాదండి. మోలోసంటారు" అన్నాడు మా ఆయన, తలెత్తకుండా.

దొర అక్కడే ఆగాడు. ఆయన చూపు ఈయన చేతులమీద ఉంది. మొహం మారుతుందేమో గానీ నాయనా, పక్కన కూర్చుని అన్నేళ్ళు చుక్కాని పట్టడం చూసిన చేతుల్ని మరిచిపోతాడా? దొర పెదాలు తెల్లబడ్డాయి. "ఈ దీవి మంచిది. ఉండు" అన్నాడు. అని వెనక్కి తిరిగి, ఉప్పు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. గట్టు ఎక్కుతూ రెండుసార్లు తూలాడు.

మనుషుల్ని పంపి చంపిస్తాడనుకున్నాను. ఒక పెద్ద ఉన్ని దుప్పటి పంపాడు. పనివాడికి, చలికి అని.

ఈయన కప్పుకున్నాడు! నాకు కాలిపోయింది. "సిగ్గులేదటండీ? తాడు కోసినవాడి దుప్పటి ఎలా కప్పుకుంటారు?" అన్నాను.

"చలిగా ఉందే" అన్నాడు.

ఏమనాలి అలాంటి మనిషిని?

ఇక నాలుగు రోజుల కిందటి సంగతి. దొర తిరిగొచ్చిన రోజు పండగని నిన్ను పాడించారు కదా ఆయన వాకిట్లో. ఈయన ఉప్పు తట్టలు దించి గుమ్మం పక్కన నించున్నాడు. నేను ఆడవాళ్ళలో. మెలితే ముందు వరసలో. నువ్వు ఆ ముక్క ఎత్తుకున్నావు. లైకోను తేనె ముట్టలేదు, చుక్కాని వదల్లేదు...

చూశావో లేదో, దొర గిన్నె కింద పెట్టేశాడు. కానీ నోరెత్తలేదు. ఎలా ఎత్తుతాడు? నీ పాటలో ఆయనకి వచ్చిన లోటు లేదు. అందరూ మెలితే వైపు తిరిగారు. పూజారి పెళ్ళాం వచ్చి నా పిల్లని కావలించుకుంది! దొంగ కూతురని నూతి దగ్గర వెనక్కి నెట్టినావిడ! వచ్చే పండక్కి గంప నువ్వే మొయ్యాలమ్మా అంది. నా పిల్ల ఏడుస్తూ నవ్వుతూ, దాని మొహం వెలిగిపోయింది నాయనా. పుట్టాక దాన్ని అలా చూడలేదు నేను.

అప్పుడు అది గుమ్మం వైపు చూసింది. అక్కడ ఈయన. గడ్డం అంతా తడిసిపోయి ఉంది.

"నువ్వెందుకురా ఏడుస్తావు? నీకేం పోయింది?" అంది.

"పాట బాగుందమ్మా" అన్నాడు.

అంతే. ఆ పిల్ల మొహం తిప్పుకుంది. ఇంటికొచ్చే దారిలో ఆయన నాతో, "కుర్రాడు బాగా కట్టాడే. ఆ చుక్కాని ముక్క మళ్ళీ పాడతాడేమో అడుగుతావా?" అన్నాడు. నా ఒళ్ళు మండింది. "అది అబద్ధం కదండీ" అన్నాను. "అవుననుకో, వినడానికి బాగుంది" అన్నాడు.

అడగలేదు నిన్ను. అడుగుదామనుకునేసరికి పడక ఎక్కాడు. ఆ మర్నాడు నెత్తురు పడింది. నిన్న మిట్టమధ్యాహ్నం, మేకలు మేతకి పోయిన వేళ, పోయాడు. నా ఒళ్ళోనే. కష్టపడలేదు. దగ్గు ఆగింది, అంతే. ఏమిటీ నిశ్శబ్దం అనుకున్నాను.

మెలితేని పిలిచాను. ఇక దేనికి భయం? శవం పక్కన కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. తోట, తాడు, గని, అది విసిరిన గిన్నె, అన్నీ. "నీ జుట్టు పాయ కోసి తండ్రి గుండెమీద పెట్టు. కొండమీద ఆ ఉత్త సమాధి తవ్వుదాం. ఆయనది ఆయనకిద్దాం" అన్నాను.

అది చాలాసేపు ఆయన్ని చూసింది. దుప్పటి తీసి చూసింది. కాళ్ళు చూసింది. నేను కత్తి చేతికిచ్చాను.

"మా నాన్న సముద్రంలో పోయాడమ్మా" అంది. "చుక్కాని వదలకుండా పోయాడు. ఊరందరూ విన్నారు. ఆయన్ని నా దగ్గర్నుంచి లాక్కోకు."

"మెలితే, ఈయనే..." అన్నాను.

"మా నాన్న సమాధిలో పరదేశిని పెట్టనివ్వను" అంది. కత్తి నా ఒళ్ళో పెట్టి బయటికి వెళ్ళిపోయింది. కొడదామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాను కూడా. చూద్దును కదా, మేకల కొట్టం గోడకి ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుని వణికిపోతోంది. ఎవరి కోసమో నేనడగలేదు. వెనక్కి వచ్చేశాను.

చిప్పలు ఏరేవాళ్ళు ఇద్దరు సాయం పట్టారు. అదుగో ఆ మలుపులో, అలలకి కొట్టుకొచ్చిన దిక్కులేని శవాల్ని పూడ్చేచోట పెట్టాం. ద్రాక్షసారాయి నేనే పోశాను. పేరు చెప్పి ఏడవకూడదు కదా, నోరు మూసుకుని ఏడ్చాను. దొర పైన గోడమీద నుంచి చూస్తూ నిలబడ్డాడు, దిగి రాలేదు.

ఏమన్నావు? మారుస్తావా? పాటా?

వద్దు నాయనా. అందుకు రాలేదు నేను. నిజం పాడితే ఫోర్బా తాత మనవలు గొడ్డళ్ళు పడతారు, ఆ మనిషి దేనికి నోరు కట్టుకున్నాడో అదంతా వృథా. నా పిల్లకి ఒక నాన్న దొరికాడు, గంప దొరికింది. ఉండనీ. ఎక్కడికెళ్ళినా అలాగే పాడు. నువ్వు పాడే ఆ మొనగాడు ఎవడో నాకు తెలియదు. నాకు తెలిసినవాడు దుప్పటి కప్పుకుని, గంజి తుడుచుకుని, పాట బాగుందన్నవాడు. ఒక్క మనిషైనా ఆ సంగతి విన్నాడు అనిపించుకోవాలని వచ్చాను. విన్నావు. చాలు.

అదుగో, తెరచాప ఎత్తుతున్నారు. నిన్నే పిలుస్తున్నారు, వెళ్ళు. ఆ జున్ను మూటకట్టుకో, దారిలో తిందువు గాని.

నాకేం, నాకు పనుంది. పొద్దున నూతి దగ్గర పూజారి పెళ్ళాం అడిగింది, "మీ పరదేశి పోయాడటగా, పాపం. ఎండలు ముదిరేలోగా ఇంకో పనివాణ్ణి చూసుకోవా?" అని.

చూసుకుంటాను అన్నాను. ఇంకేమనను?